ముప్పైనాలుగుకు ఒకటి

ఉన్నవన్నీ వదిలించుకొని ఒక్క మేలైన వస్తువును మాత్రం ఉంచుకోవడం సరళజీవనమని ఈ మధ్య చదువుకున్నవారు తరచుగా అంటున్నారు. పది పెన్నులు అమ్మి ఒక జర్మన్ కలం, నాలుగు చిన్న ప్లాట్లు అమ్మి ఒక పెద్ద విల్లా. చేతిగడియారాలు కూడబెట్టేవారిలో ఈ ధోరణి మరీ ప్రబలి ఉన్నది. ఏళ్ళ తరబడి ఏరి తెచ్చుకొన్న వాటిని గంపగుత్తగా ఒక వ్యాపారికి అప్పగించి, పైన కొంత సొమ్ము చేర్చి, ఒక స్విస్ క్రోనోగ్రాఫు పుచ్చుకొని, ఇక నాకు ఏ కోరికా లేదంటారు. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి దీనికి అపరిగ్రహమని పేరు పెడుతున్నారు. నా అభ్యంతరం ఆ మాట దగ్గరనే. గడియారం ఎవరిది వారిది, మాట అందరిదీ.

అపరిగ్రహం యోగశాస్త్రంలో చెప్పిన అయిదు యమాలలో ఒకటి. జైనుల మహావ్రతాలలోనూ ఉన్నది. పరిగ్రహమంటే స్వీకరించడం, చేపట్టడం, నాదని పట్టుకోవడం. కావ్యాలలో భార్యకు కూడా పరిగ్రహమనే పేరున్నది. ఆ పట్టును సడలించడం అపరిగ్రహం. సంఖ్యతో దానికి పని లేదు. ముప్పై రూపాయి బిళ్ళలను మార్చి మూడు పదిరూపాయల నోట్లు జేబులో వేసుకొన్నవాడిని త్యాగి అని ఎవరూ అనరు గదా. జేబు తేలికయింది, అంతే.

అయినా ఆ ఒక్క వస్తువు సామాన్యమైనదని నేననను. దానిని తెలుసుకోకుండా నిందించడం అన్యాయం. విద్యార్థులకోసం కొంత చెప్పవలసి ఉన్నది.

మన పూర్వులకు గడియారమంటే ఒక రాగి గిన్నె. అడుగున సన్నని రంధ్రమున్న ఆ గిన్నెను నీటిపైన వదిలితే, నిండి మునిగేసరికి ఒక గడియ. నేటి లెక్కలో 24 నిమిషాలు. గడియలో అరవయ్యవ వంతు విగడియ, అంటే 24 సెకన్లు. పురోహితుడు ముహూర్తాన్ని విగడియలతో సహా లెక్కగట్టేవాడు. మగపెళ్ళివారు గంట ఆలస్యంగా వచ్చేవారు. గడియనుంచి పుట్టినదే గడియారమనే మాట. అది ఇంటిపేరుగా ఉన్న కవి కూడా మనకున్నారు, ‘శివభారతం’ వ్రాసిన గడియారం వేంకటశేషశాస్త్రిగారు.

క్రోనోగ్రాఫు అనేది గ్రీకు మాట. కాలాన్ని వ్రాసేది అని అర్థం. కాలలేఖిని అందామా? 1821లో పారిస్ నగరంలో నికొలా రియూసెక్ అనే గడియారాల పనివాడు గుర్రప్పందాలలో ఏ గుర్రం ఎంతసేపటికి గమ్యం చేరిందో తేల్చడానికి ఒక యంత్రాన్ని ప్రయోగించాడు. తిరిగే పళ్ళెంపైన అది సిరాచుక్కలు వేసేది. అది నిజంగా వ్రాసేది, కనుక పేరు అతికింది. అంతకు ముందే 1816లో లూయీ మొయినే అనే మరొక ఫ్రెంచివాడు నక్షత్ర పరిశీలనకోసం సెకనులో అరవయ్యవ వంతును కొలిచే గడియారం తయారుచేశాడు. నేటి క్రోనోగ్రాఫులో సిరా లేదు. ప్రక్కనున్న ఒక మీట నొక్కితే ఒక ముల్లు బయలుదేరుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, రెండవ మీట నొక్కితే మొదటికి వస్తుంది. ఇంత చిన్న పని మామూలు నడకకు భంగం కలగకుండా జరగడానికి లోపల ఎన్ని చక్రాలు, ఎన్ని తులాదండాలు, ఎన్ని చిన్న సుత్తులు ఒకదాని ననుసరించి ఒకటి కదలాలో అద్దంలో చూచినవారికి ఆశ్చర్యం కలుగకపోదు. నాకు కలిగింది.

వీటిలో ఒక గడియారం చంద్రునివద్దకు కూడా వెళ్ళింది. 1957లో వెలువడిన ఒమేగా స్పీడ్‌మాస్టరును 1965లో అమెరికా అంతరిక్షసంస్థ నాసా తన వ్యోమగాములకోసం పరీక్షించి ఎన్నుకొన్నది. 1969 జూలైలో ఆల్డ్రిన్ అది ధరించి చంద్రునిపైన నడిచాడు. 1970 ఏప్రిల్‌లో అపొలో 13 నౌక మధ్యదారిలో దెబ్బతిన్నప్పుడు, దారి సరిచేసుకోవడానికి 14 సెకన్లపాటు ఇంజను మండించవలసి వచ్చింది. విద్యుత్తు పొదుపుకోసం యంత్రాలన్నీ ఆపివేశారు. చేతికున్న గడియారం చూచి ఆ పద్నాలుగు సెకన్లు లెక్కపెట్టారు. ముగ్గురూ బ్రతికి వచ్చారు. ఆ గడియారానికి అంత గౌరవం తగును.

మా నాగారంలో అది దేనిని లెక్కపెడుతుంది? ఉప్పల్ చౌరస్తాలో ఎర్రదీపం ఎన్ని సెకన్లుంటుందో ఆ దీపం ప్రక్కనే అంకెలలో కనబడుతున్నది. వంటింట్లో కుక్కరు తన ఈలలను తానే వేసుకొంటుంది. కచ్చితమైన కాలమే కావలసి వస్తే ఆ పందెం ఎప్పుడో ముగిసింది. 1969 డిసెంబరు 25న జపానులో సైకో కంపెనీ స్ఫటికంతో నడిచే చేతిగడియారాన్ని బజారులోకి తెచ్చింది. నేడు మామూలుగా దొరికే గడియారాలలో ఆ స్ఫటికం సెకనుకు 32,768 మార్లు కంపిస్తుంది. రైల్వేస్టేషను బయట కొన్ని వందల రూపాయలకు దొరికే గడియారం లక్షల విలువగల క్రోనోగ్రాఫుకంటె సరిగా నడుస్తుంది. కనుక ఈ మారకంలో కొనేది కాలం కాదు.

మరి ఇచ్చేదేమిటి? ఇక్కడ మా వీధి మిత్రుని సంగతి చెప్పాలి.

ఆయన నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసి, రిటైరై, ఇ.సి.ఐ.ఎల్. దాటి కీసర వైపు పోయే మా దారిలో చిన్న ఇల్లు కట్టుకొన్నాడు. ఆయన పెట్టెలో 34 చేతిగడియారాలున్నవి. ఎక్కువ భాగం హెచ్.ఎం.టి.వి: జనతా, పైలట్, కాంచన్. నాలుగైదు హైదరాబాదు ఆల్విన్ కంపెనీవి. ఈ పేర్లు నేటి విద్యార్థులకు తెలియవు కాబోలు. హెచ్.ఎం.టి. ప్రభుత్వరంగ సంస్థ, జపానువారి సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో చేతిగడియారాలు తయారుచేయడం ప్రారంభించింది. 2016లో కేంద్రమంత్రివర్గం ఆ గడియారాల కంపెనీని మూసివేయడానికి ఆమోదం తెలిపింది. ఆల్విన్ మన ఊరిదే. 1942లో నిజాం కాలంలో పుట్టి, బీరువాలు, బస్సులు, రిఫ్రిజిరేటర్లు, చివరకు సైకోవారి సహకారంతో చేతిగడియారాలు తయారుచేసింది. అదీ నేడు లేదు. మా తరంలో మెట్రిక్ ప్యాసైన కుర్రవానికి తండ్రి కొనిపెట్టేది హెచ్.ఎం.టి. గడియారమే. పరీక్ష వ్రాయడానికి అది చేతికి ఉండవలసిందే. నేడు నీట్ వంటి పరీక్షలకు గడియారం పెట్టుకొని లోపలికి పోనివ్వరు. కాలం గోడమీదికి ఎక్కింది.

ఆ జనతా గడియారం గంటకు 18,000 మార్లు కొట్టుకొంటుంది. రోజుకు ఎంత అవుతుందో ఒకనాడు లెక్క వేశాను. 4,32,000. కలియుగానికి మన పురాణాలు చెప్పిన సంవత్సరాలు సరిగా అన్నే. ఇందులో రహస్యార్థమేదో ఉన్నదని నేను చెప్పబోవడం లేదు. అరవైలతో లెక్కించే అలవాటునుంచి పుట్టిన సంఖ్యలు ఎక్కడో ఒకచోట కలుసుకొంటూనే ఉంటవి. అయినా బెంగుళూరులో చేసిన చవక గడియారం చేతిమీద రోజుకొక కలియుగం లెక్కపెడుతున్నదని తరగతిలో చెబితే పిల్లలు నిద్రనుంచి లేచారు.

మిత్రుడు ఈ ముప్పైనాలుగూ ఒక వ్యాపారికి ఇచ్చి, వాటి విలువ చాలదు కనుక ప్రావిడెంటు ఫండులో మిగిలినదాంట్లో నుంచి మంచి మొత్తమే చేర్చి, ఒకరు వాడి విడిచిన స్విస్ క్రోనోగ్రాఫు తీసుకోవాలని నిశ్చయించాడు. “ముప్పై నాలుగు ఉండి ఏం లాభం సార్? ఉన్నది ఒక్క చెయ్యి” అన్నాడు.

ఆయన వాదంలో బలమున్నది. కీ ఇచ్చే గడియారానికి ప్రతిరోజూ కీ ఇవ్వాలి. ముప్పైనాలుగింటికి ఇచ్చేవాడు మరొక పని చేయలేడు. ఇవ్వకపోతే ఆగిపోతవి. ఆగిన గడియారంలో నూనె ఏళ్ళమీద ఎండి జిగురుగా మారుతుంది, ఇరుసులు పట్టుకొంటవి. పూర్వం ప్రతి బజారులోనూ అద్దాల పెట్టె ముందు కూర్చొని, కంటికి భూతద్దం బిగించుకొని పనిచేసే మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఉప్పల్‌లో వెదికితే బ్యాటరీ మార్చేవాడు దొరుకుతాడు. బ్యాలెన్సు చక్రం సరిచేసేవాడు దొరకడం కష్టం. పెట్టెలో పడి ఎండిపోయే ముప్పైనాలుగుకంటె చేతిమీద నడిచే ఒకటి మేలన్న మాటకు నావద్ద సమాధానం లేదు. పుస్తకాలు కొని చదవకుండా బీరువాలో పెట్టే మా అధ్యాపకులకు ఆ మాట మరీ తగిలేది. ఆ క్రోనోగ్రాఫుకు కూడా కొన్నేళ్ళ కొకసారి శుభ్రం చేయించవలసి ఉంటుందనీ, ఆ ఖర్చుతో నాలుగు జనతాలు వస్తవనీ నేను గుర్తుచేశాను. దానికి ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మేమిట్లా మాట్లాడుకొంటుండగా ఆయన భార్య చాయ తెచ్చి, పెట్టెలోకి తొంగిచూచి, “మా నాయిన లగ్గంల పెట్టిన గడియారం గూడ అండ్లనే ఉన్నదా?” అని అడిగింది.

ఉన్నది. కాంచన్, పసుపుపచ్చని డయలు.

ఆ రోజులలో అల్లుడికి గడియారం పెట్టడం ఆనవాయితీ. గడియారం, సైకిలు, రేడియో. ఇవి లేనిదే పెండ్లికొడుకు పీటలమీదికి వచ్చేవాడు కాడు. దాన్ని నేను మెచ్చడం లేదు. వరకట్న నిషేధచట్టం వచ్చినది కూడా 1961లోనే. ప్రభుత్వం ఒక చేత్తో కట్నం వద్దని శాసనం చేసి, రెండవ చేత్తో కట్నానికి పనికివచ్చే గడియారం తయారుచేసింది. ఎందరు మామలు ఆ గడియారంకోసం అప్పుచేశారో. కాని ఆ మనిషి అప్పుచేసి తెచ్చిన గడియారం, ఆయన పోయిన తరువాత, కూతురి దృష్టిలో కట్నం కాదు. తండ్రి తన ఇంటినుంచి ఆమెతో పంపిన వస్తువులలో మిగిలినది. అది అల్లుడి చేతికున్నదే గాని అల్లుడి ఒక్కడిది కాదు.

వ్యాపారి ఇంటికి వచ్చి ముప్పైనాలుగింటినీ బల్లమీద పరిచి, అద్దం పెట్టి చూచి, ఒక్కొక్కదానికి ధర వ్రాశాడట. మామ పెట్టిన కాంచన్‌కు, చోర్‌బజారులో కొన్న కాంచన్‌కు ఒకటే ధర. కొన్నదాని డయలు శుభ్రంగా ఉన్నది గనుక దానికే రెండు వందలు ఎక్కువ. వ్యాపారి తప్పు లేదు. ఆయన గడియారాన్ని చూచాడు. ఏ వస్తువునైనా మరొక వస్తువుతో మార్చాలంటే మొదట రెండింటినీ ఒక కొలతకు తేవాలి. ఆ కొలత రూపాయి. రూపాయిలోకి రానిదంతా బల్లమీదనే రాలిపోతుంది. నేను ముందు అడిగిన ప్రశ్నకు సమాధానం ఇదే ననుకొంటాను. కొన్న గడియారాలను మార్చినప్పుడు ఆయన తన సొత్తు మార్చుకొన్నాడు. ఇచ్చిన గడియారాన్ని మార్చినప్పుడు ఇచ్చిన చేతిని కూడా మార్చుకొన్నాడు. సేకరణ అనే ఒక్క మాట క్రింద ఈ రెండూ కలిసిపోవడం చేత ఈ సంగతి కనబడదు.

హైదరాబాదులో ఉన్నవారికి ఒకటికీ అనేకానికీ ఉన్న తేడా చూడడానికి దూరం పోనక్కరలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1891లో జాకబ్ అనే వర్తకునితో ఒక వజ్రానికి బేరమాడాడు. దాదాపు 185 క్యారట్లది. బేరం చెడి కలకత్తా న్యాయస్థానం దాకా పోయింది. చివరకు వజ్రం నిజాముకే దక్కినా, దానిమీద ఆయనకు మనసు విరిగింది. ఏడవ నిజాముకు అది తండ్రి పాదరక్ష కొనలో దొరికిందనీ, ఆయన దానిని బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టేవాడనీ చెబుతారు. 1995లో భారతప్రభుత్వం నిజాము ఆభరణాలు 173 సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఈ వజ్రమూ అందులో వచ్చి రిజర్వు బ్యాంకు భద్రతలోకి పోయింది. హైదరాబాదువారు 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో కొద్దికాలం దానిని చూడగలిగారు.

అదే మ్యూజియంలో ప్రతిరోజూ జనం గుమిగూడేది ఒక గడియారం ముందు. కుక్ అండ్ కెల్వీవారి సంగీత గడియారం. గంట కావడానికి మూడు నిమిషాల ముందు ఒక చిన్న బొమ్మ తలుపు తీసుకొని వచ్చి, గంటలు కొడుతుంది. మరొక కమ్మరి బొమ్మ సెకనుకొక సుత్తిదెబ్బ వేస్తూనే ఉంటుంది. బడిపిల్లలు, పల్లెలనుంచి వచ్చిన ముసలివారు, అందరూ తమ తమ చేతిగడియారాలు చూచుకొంటూ ఆ గడియారం కొట్టేదాకా కూర్చుంటారు. ఇప్పుడు సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకొంటున్నారు; అది వేరు సంగతి.

ఈ వస్తువులను చేర్చిన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, అపరిగ్రహి కాడు. 1912 నుంచి 1914 వరకు దివానుగిరీ చేసి, ఆ తరువాత 1949లో చనిపోయేదాకా కనబడినదల్లా కొన్నాడు. అందులో మేలైనవీ ఉన్నవి, చౌకబారువీ ఉన్నవి. ఆయన సలహాదారు డెవడైనా ఇవన్నీ అమ్మి ఒక్క జాకబ్ వజ్రంవంటిది కొనమని ఉంటే, ఆర్థికంగా తెలివైన సలహాయే అయి ఉండేది. ఆయన పెండ్లి చేసుకోలేదు, వారసులు లేరు. వస్తువులు చెదరకుండా ఉండడంచేత 1951 డిసెంబరు 16న ఆయన దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతిసొత్తయింది. ఒక్క వజ్రమే ఉంటే అది ఇనుపపెట్టెకు పోయేది. అది వజ్రం దోషం కాదు, ఒక్కటైనదాని స్వభావం. అన్నీ ఒకదానిలోకి కుదించిన తరువాత దానిని పోగొట్టుకొంటామనే భయమూ ఒకచోటనే పోగవుతుంది. మా మిత్రుడు క్రోనోగ్రాఫు ఇంకా చేతికి రాకముందే బ్యాంకు లాకరు అద్దె ఎంతని విచారించాడు. జనతా పెట్టుకొని నాచారంలో గ్రీజు పూసినవాడు, దీనిని పెట్టుకొని కీసరగుట్టకు మోటారుసైకిలు మీద పోగలడా?

ఒకే గడియారంతో బ్రతికినవారు లేరా అంటే ఉన్నారు. గాంధీగారి నడుముకు వ్రేలాడిన జేబుగడియారం అందరికీ తెలిసినదే. స్విస్ కంపెనీ జెనిత్‌వారిది, ఇందిరాగాంధీ ఇచ్చినదంటారు. అందులో అలారం ఉన్నది, ప్రార్థనవేళకు పనికివచ్చేది. ఆయన దానిని తన మనుమరాలి వరుస అమ్మాయికి ఇచ్చారు. కళ్ళద్దాలు, చెప్పులు, గిన్నె, పళ్ళెంతోపాటు ఆ గడియారం 2009లో న్యూయార్కులో వేలానికి వచ్చింది. అన్నీ కలిపి 18 లక్షల డాలర్లు పలికినవి. కొన్నది మన దేశపు మద్యవ్యాపారి. గాంధీగారు ముప్పైనాలుగు గడియారాలిచ్చి ఆ ఒక్కటి తీసుకొన్నవారు కారు. ఆయనకు ఒకటి కావలసి వచ్చింది, ఒకటి ఉన్నది, చివరకు దానినీ ఇచ్చివేశారు. ఈ మూడవ క్రియ లేకుండా మొదటి రెండింటితో అపరిగ్రహమనే మాట పూర్తి కాదు.

అందుచేత మిత్రునికి రెండు సంగతులు చెప్పాను. క్రోనోగ్రాఫు మీద మనసుంటే కొనండి, అది అందమైన యంత్రం, ముప్పై ఏళ్ళు యంత్రాలతో బ్రతికినవారు ఒక మంచి యంత్రాన్ని కోరుకోవడంలో దోషం లేదు. కాని త్యాగమని అనకండి, ముచ్చట అనండి. రెండవది, చేతితో ఇచ్చినవాటిని చేతితోనే ఇవ్వండి. కాంచన్ మనుమడికి పోవాలి గాని వ్యాపారికి కాదు. ఇంకా నిజంగా తేలిక కావాలనిపిస్తే, నడిచే జనతాలు ఒక పదిహేను బాగుచేయించి, మన జిల్లాపరిషత్ హైస్కూలులో పదవ తరగతి పిల్లలకు పంచిపెడితే, కీ ఇచ్చే చేతులు పదిహేనవుతవి.

“అప్పుడు నాకు క్రోనోగ్రాఫు ఎట్ల వస్తది సార్?” అన్నాడు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. మొన్న ఆదివారం కనబడి, పెట్టెలోనుంచి నాలుగు తీసి ప్రక్కన పెట్టినట్లు చెప్పాడు. కాంచన్, మొదటి బోనసుతో కొన్న పైలట్, చనిపోయిన తోటి పనివాడు జ్ఞాపకంగా ఇచ్చిన ఆల్విన్ ఒకటి, నాలుగవదాని సంగతి ఆయన చెప్పలేదు, నేనడగలేదు. ముప్పైకి వ్యాపారి ధర బాగా తగ్గించాడట. ఫండులోనుంచి ఇంకెంత తీయాలో ఇంట్లో మాట్లాడుకొంటున్నారు.